మా ఎమ్మెల్యే ఏ ఓటు వేశారు?

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే మా ఖమ్మం వైపు ఇంటింటికీ ఒక రంగుల పుస్తకం వస్తుంది. 'ప్రగతి నివేదిక' అని దాని పేరు. కవర్ మీద ఎమ్మెల్యే దండం పెడుతూ ఉంటారు, వెనకాల ముఖ్యమంత్రి. లోపల సీసీ రోడ్లు ఇన్ని కిలోమీటర్లు, సైడు కాలవలు ఇన్ని, కమ్యూనిటీ హాళ్లు ఇన్ని, కల్యాణలక్ష్మి చెక్కులు ఇన్ని, సీఎం రిలీఫ్ ఫండ్ కింద ఇప్పించింది ఇన్ని కోట్లు. ఏ పార్టీ వాళ్లు వేసినా అచ్చు ఒకటే. అయిదేళ్లలో ఆయన అసెంబ్లీలో దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు అని చెప్పే పేజీ మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

పుస్తకం వేయించినవాళ్లను తిట్టి లాభం లేదు. రాద్దామన్నా వాళ్ల దగ్గర రాయడానికి ఏమీ ఉండదు. మన శాసనసభల్లో ఏ సభ్యుడు ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో పేరుపేరునా నమోదయ్యే సందర్భాలు చాలా అరుదు. పన్నుల మీద, వైద్యం మీద, పిల్లల మీద మా ఎమ్మెల్యే రికార్డు ఏమిటని అడిగే వీలే లేకుండా పోయింది. ఆ ఖాళీలోకే చెక్కుల పంపిణీ వచ్చి కూర్చుందని నా ఫిర్యాదు.

చెక్కుల సంగతి కొంచెం దగ్గర నుంచే చూశాను. మా చిన్నమ్మకు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ చేయించాం. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటే, ఈ ప్రొసీజర్ దాని కిందికి రాదన్నారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు కౌంటర్ దగ్గర వాదన పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? బంగారం కుదవపెట్టి కట్టేశాం. ఇంటికొచ్చాక చుట్టుపక్కల అందరిదీ ఒకటే సలహా: "క్యాంపాఫీసుకు పోండి, సీఎంఆర్‌ఎఫ్ పెట్టిస్తరు."

క్యాంపాఫీసులో ఆ పనికి ఒక టేబులే వేరుగా ఉంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు జిరాక్సు. టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడే. "అమ్మా, ఈ బిల్లు మీద ఆస్పత్రి స్టాంపు లేదు. ఇట్లనే పంపితే పైన ఆపేస్తరు, స్టాంపు ఏయించుకొని రాండ్రి" అన్నాడు. వేయించుకొచ్చాం. నెలలు గడిచాక ఫోనొచ్చింది, రేపు పదింటికి ఫంక్షన్ హాల్లో పంపిణీ అని. ఎమ్మెల్యేగారు ఒంటిగంట దాటాక వచ్చారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవడం, చెక్కు చేతికివ్వడం, ఫొటో కోసం రెండు క్షణాలు ఆగడం. మా చిన్నమ్మ వంతు వచ్చేసరికి ఫొటోగ్రాఫర్, "చెక్కు కిందికి పట్టుకున్నవ్ అమ్మా, పైకి పట్టు, కొంచెం నవ్వు" అన్నాడు. కుట్లు ఇంకా సలుపుతున్న మనిషి, అలాగే నవ్వింది. మేం కట్టిన బిల్లులో ఆరో వంతు కూడా లేదు ఆ చెక్కు. అయినా ఆటోలో వస్తూ ఆమె అన్నదేమిటంటే, "ఎంతిచ్చిండని కాదురా, గుర్తు పెట్టుకొని ఇచ్చిండు." ఆమె ఓటు ఎటు పడిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆమెను తప్పుపట్టను. ఆ కుర్రాణ్ని కూడా. అయితే ఆ ప్రొసీజర్ ఆరోగ్యశ్రీ జాబితాలో ఎందుకు లేదన్న ప్రశ్న ఒకటుంది. దాన్ని అడగాల్సిన చోటు అసెంబ్లీ, అడగాల్సిన రోజు వైద్యారోగ్య శాఖ పద్దు చర్చకొచ్చిన రోజు, అడగాల్సిన మనిషి ఆ ఫంక్షన్ హాల్లో స్టేజీ మీదున్నాయన. అక్కడ అడిగి సాధిస్తే రాష్ట్రంలో ఆ జబ్బున్న ప్రతివాళ్లకూ పని జరుగుతుంది. కాకపోతే ఫొటో దిగేవాళ్లుండరు.

చట్టం చెప్పే మాట చూస్తే ఎమ్మెల్యే చేతిలో ఉన్నది చిన్న అధికారం కాదు. రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. 203వ అధికరణం ప్రకారం ఏ శాఖకు ఎంత ఖర్చు కావాలన్నా ఆ పద్దు శాసనసభ ముందుకు రావాలి. ఒప్పుకోవడం, తగ్గించడం, తోసిపుచ్చడం సభ ఇష్టం. కలెక్టర్‌కు లేదు ఈ అధికారం, ఎంపీకి లేదు. మరి జరిగేదేమిటి? చర్చకిచ్చిన రోజులు పొడియం గొడవలతో, వాకౌట్లతో అయిపోతాయి. చివరి రోజున మిగిలిన పద్దులన్నీ గంపగుత్తగా ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలెటిన్ అంటారు. ఆ వెంటనే, ఒప్పుకున్న డబ్బును ఖజానా నుంచి తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు. అన్నీ మూజువాణి ఓటే. ఔనన్నవాళ్ల గొంతు పెద్దగా వినపడిందని స్పీకర్‌గారికి అనిపిస్తే ఆమోదం పొందినట్టే. ఆస్పత్రుల మందులు, అంగన్‌వాడీ గుడ్లు, హాస్టల్ పిల్లల మెస్ చార్జీలు, అన్నీ అందులోనే. మర్నాడు పేపర్లో 'ద్రవ్య వినిమయ బిల్లుకు ఆమోదం, సభ నిరవధిక వాయిదా' అని ఒక్క లైను.

మూజువాణి ఎంత దూరం పోగలదో రెండు రాష్ట్రాల తెలుగువాళ్లకూ నేను కొత్తగా చెప్పాలా? 2014 జనవరి 30న, రాష్ట్ర పునర్‌వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం ఉమ్మడి అసెంబ్లీలో గందరగోళం మధ్య మూజువాణితోనే నెగ్గినట్టు స్పీకర్ నాదెండ్ల మనోహర్ ప్రకటించారు. దాదాపు మూడొందల మంది ఉన్న సభ. ఎవరు ఏమన్నారని పేరుపేరునా చూపించే కాగితం లేదు. అదే ఏడాది ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు గట్టెక్కింది కూడా మూజువాణితోనే, అదీ టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సమయంలో. తెలంగాణ వచ్చిందని స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను, ఫలితం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఒక రాష్ట్రం పుట్టుకకే పేర్ల జాబితా లేనప్పుడు పెట్రోలు మీద వ్యాట్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

పెట్రోలు అనేశాను కాబట్టి పన్నుల దగ్గరికే వద్దాం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా రేటు నిర్ణయించగల పెద్ద పన్నులు కొన్నే మిగిలాయి. పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు 1 రూపాయి. తెలంగాణలో 35.2 శాతం. ఏపీలో ఆ 4 రూపాయల ప్రయాణం చూడండి. 2015లో వచ్చింది, 2018లో సగానికి తగ్గింది, 2020లో మళ్లీ 4 అయింది. మధ్యలో ప్రభుత్వం మారింది, అటు కూర్చున్నవాళ్లు ఇటు, ఇటు కూర్చున్నవాళ్లు అటు మారారు. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించాక చాలా రాష్ట్రాలు తామూ వ్యాట్ తగ్గించాయి. మన రెండు ప్రభుత్వాలూ తగ్గించలేదు. కేంద్రం సెస్సుల పేరుతో వసూలు చేసేదాంట్లో రాష్ట్రాలకు వాటా ఇవ్వదు, మేమెందుకు తగ్గించాలన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం లేదని నేనను. కానీ ఆ వాదన మా ఎమ్మెల్యే సభలో లేచి, తన పేరు మీద చెప్పగా వినాలని ఉంటుంది. రేట్లు చాలావరకు జీవోలతో మారుతుంటే ఆయన లేవాల్సిన అవసరమే రాదు.

దీనికి ఎదురుగా చెత్త పన్ను కథ ఉంది. మా అక్క వాళ్లది విజయవాడ. 2021లో అక్కడ చెత్త బండికి యూజర్ చార్జీ పెట్టినప్పుడు ఆమె చేసిన గొడవ ఇంతా అంతా కాదు. "మా చెత్త మేమిచ్చి మళ్లీ డబ్బులు కూడానా?" అని గుమ్మంలోకి వచ్చినవాళ్లతో పోట్లాట. ఊళ్లన్నిట్లో అదే వరస. చివరికి 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మంచిదే. అయితే మా బావ స్కూటర్‌కు నెలకు ఇరవై లీటర్లు పోయిస్తారనుకుంటే అందులో రాష్ట్రానికి వెళ్లే పన్నే అయిదు వందలు దాటుతుంది, చెత్త పన్నుకు ఎన్నో రెట్లు. దాని మీద అక్క ఎవరితోనూ పోట్లాడలేదు. గుమ్మంలోకి వచ్చి అడిగిన పన్ను కనపడింది, బంకులో పోయించుకున్న పన్ను కనపడలేదు. కనపడని పన్నుకు ఎమ్మెల్యే పేరు ముడిపెట్టే దారి ఉంటే అక్క ఊరుకునేది కాదని నా నమ్మకం.

వైద్యం మీద మన సభల్లో అసలు ఎవరూ గట్టిగా నిలబడలేదా అంటే, నిలబడ్డారు. పేరు మార్పు మీద. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెడుతూ 2022 సెప్టెంబరులో ఏపీ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. సభ దద్దరిల్లింది, తెలుగుదేశం సభ్యులు సస్పెండయ్యారు, యార్లగడ్డ లక్ష్మీప్రసాద్ తన అధికార భాషా సంఘం పదవికే రాజీనామా చేశారు. 2024లో ప్రభుత్వం మారగానే ఎన్టీఆర్ పేరు తిరిగి పెడుతూ ఇంకో బిల్లు. ఒక యూనివర్సిటీ బోర్డు కోసం రెండు చట్టాలు. ఆరోగ్యశ్రీ కూడా ఈ బాధ తప్పించుకోలేదు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఏపీ 25 లక్షలన్నది. పరిమితి ఎంత పెంచినా ఆస్పత్రికి బకాయి కట్టకపోతే బెడ్ దొరకదు. నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలు ఆపేస్తామని హెచ్చరించడం, కొన్నాళ్లు ఆపడం, చర్చలు, మళ్లీ మొదలు. రెండు రాష్ట్రాల్లోనూ ఇది మామూలైపోయింది. బకాయి అంటే పద్దులో చూపించి విడుదల చేయని డబ్బు. పద్దుకు ఔనన్న సభ్యుడు, ఆ డబ్బు ఏదని అడగాలి కదా. ఆరోగ్యాన్ని హక్కుగా రాసిన చట్టం దేశంలో మొదట చేసింది రాజస్థాన్, 2023 మార్చిలో. డాక్టర్లు రోడ్డెక్కారు, సవరణల మీద బేరాలు నడిచాయి. ఆ చట్టం మంచిదా కాదా అన్నది పక్కన పెడితే, కనీసం గొడవ అసలు విషయం మీద జరిగింది.

పిల్లల విషయానికి వస్తే నాకు మరీ ఇబ్బందిగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఏపీలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అంతకుముందు సర్వేలో ఇవి 58.6, 60.7. అంటే పెరిగింది. పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఏపీలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం, తెలంగాణలో 23.5. ఇవి ఒక పార్టీ లెక్కలు కావు, ఒక అయిదేళ్ల లెక్కలూ కావు.

ఈ పిల్లల కోసం మన సభలు ఏకగ్రీవంగా చేసిన బిల్లు ఒకటి అందరికీ గుర్తుంటుంది, దిశ బిల్లు. 2019 డిసెంబర్ 13న ఏపీ అసెంబ్లీ ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, 21 రోజుల్లో శిక్ష. పిల్లలపై లైంగిక నేరాలకు ప్రత్యేక సెక్షన్లు. కాదన్న ఎమ్మెల్యే లేడు. పాలాభిషేకాలయ్యాయి, దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు తెరిచారు, యాప్ వచ్చింది. ఒక్క రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. ఐపీసీకి సవరణగా రాసిన బిల్లు అది, 2024 జూలై 1న ఐపీసీయే పోయింది. పద్నాలుగు రోజుల్లో విచారణ ముగించడానికి ఫోరెన్సిక్ ల్యాబులు ఎన్ని కావాలి, జడ్జీలు ఎంతమంది కావాలి, ఆ డబ్బు ఏ పద్దులో ఉంది అని ఆ రోజు ఒకరు నిలదీసి ఉంటే ఆడపిల్లల శత్రువన్న ముద్ర వేసేవారేమో. ఏకగ్రీవం అన్నప్పుడల్లా నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంటుంది.

అదే ఏపీలో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. నెలకు 11,500 గౌరవ వేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని అడిగారు. ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించింది. రక్తహీనత ఉన్న పిల్లాడికి గుడ్డు ఉడకబెట్టి పెట్టేది ఆమే, బరువు చూసి రిజిస్టర్‌లో రాసేది ఆమే. ఆ 42 రోజుల్లో టెంటు దగ్గరికి వెళ్లి సంఘీభావం చెప్పిన ప్రతిపక్ష నేతలున్నారు, మొహం చాటేసిన అధికార పక్షం వాళ్లున్నారు. పాత్రలు తారుమారైతే మాటలూ తారుమారవుతాయని అంగన్‌వాడీ టీచర్లకు మనకంటే బాగా తెలుసు.

ఇంకో నిజం ఒప్పుకోవాలి. మన బడిపిల్లలకు వేడివేడి అన్నం వచ్చింది ఎమ్మెల్యేల ఓటుతో కాదు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశిస్తే, 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. అందుకే ఆ అన్నానికి ఏ ప్రభుత్వమైనా తనకు నచ్చిన పేరు పెట్టుకోగలుగుతోంది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం సంగతి దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. 2023 మార్చిలో అక్కడి సెనేట్ బడిపిల్లలందరికీ ఉచిత భోజనం బిల్లును 38-26 ఓట్లతో ఆమోదించింది. చర్చలో స్టీవ్ డ్రజ్‌కౌస్కీ అనే సెనేటర్ లేచి, మిన్నెసోటాలో ఆకలితో ఉన్న మనిషి తనకింకా ఎదురుపడలేదన్నారు, వ్యతిరేకంగా ఓటేశారు. ఆయన మాట, ఆయన ఓటు ఆయన పేరు మీదే ఉన్నాయి, ఎప్పటికీ ఉంటాయి. ఆయన నియోజకవర్గంలో పన్నులు పెరగకూడదనుకునేవాళ్లకు అది మెచ్చుకోలు, పిల్లల క్యారేజీ కట్టే తల్లికి అది కోపం. ఇద్దరికీ అడగడానికి ఒక ఆధారం ఉంది. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్‌కు లెఫ్టినెంట్ గవర్నర్ కాకముందు అక్కడి దిగువ సభలో సభ్యురాలు. అప్పట్లో ఆమె ఏ బిల్లుకు ఎటు ఓటేశారో ఖమ్మంలో కూర్చుని నేను చూసుకోవచ్చు. మా ఎమ్మెల్యేది చూసుకోలేను. అక్కడా ఓట్లు పార్టీల వారీగానే పడతాయి, డబ్బున్నవాళ్ల లాబీయింగ్ అక్కడా ఉంది. అమెరికా ప్రజాస్వామ్యం గొప్పదని చెప్పడానికి కాదు ఈ ప్రస్తావన. పేరు రాయడం పెద్ద కష్టం కాదని చెప్పడానికే.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. పార్టీ విప్ జారీ చేస్తే దాటడానికి లేదు, దాటితే సభ్యత్వం పోతుంది, ఇక పేరు రాస్తే ఎంత రాయకపోతే ఎంత అంటారు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు ఇది, ఫిరాయింపుల నిరోధక చట్టం అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంపై విప్ ధిక్కరించిన కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పదవులు పోగొట్టుకున్నారు, 2012లో ఉప ఎన్నికలొచ్చాయి. నిజమే. కానీ 1992లో కిహోతో హోలోహాన్ కేసులో ఈ చట్టాన్ని సమర్థిస్తూనే సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: అనర్హత వేటు పడే విప్, ప్రభుత్వ మనుగడకు, లేదంటే పార్టీ మూల విధానాలకు సంబంధించిన ఓట్లకు పరిమితమైతే మంచిదని. మన పార్టీలు దాన్ని పట్టించుకోలేదు. పైగా ఈ చట్టం ఫిరాయింపులనైనా ఆపిందా? 2014-19 మధ్య ఏపీలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. తెలంగాణలో పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. పార్టీ మారేవాణ్ని ఆపలేని చట్టం, పార్టీలో ఉంటూ ఒక పద్దు మీద కాదనాలనుకునేవాణ్ని మాత్రం బాగా ఆపుతోంది.

సరే, విప్ ఉండనీయండి. ఔనన్నవాడి పేరు ఔనన్నట్టే రాయండి. వ్యాట్ పెంపుకు విప్ వల్లే ఔనన్నానని ఆయన ఊళ్లో చెప్పుకోవాలి, అప్పుడు జనం విప్ గురించి కూడా అడగడం మొదలుపెడతారు. 2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచిన జయప్రకాశ్ నారాయణ లోక్‌సత్తాకు ఏకైక ఎమ్మెల్యే. ఆయనకు విప్ భయం లేదు. ఆయన మాటలతో నేను అన్నిసార్లూ ఏకీభవించలేదు, కానీ అవి ఆయన మాటలని తెలిసేది.

ఇప్పుడు ఏపీలో 175 మంది సభలో వైసీపీకి ఉన్నది 11 మంది. ప్రతిపక్ష హోదా కోసం వాళ్లు సభకు దూరంగా ఉంటున్నారు. హోదా ఇవ్వాలా వద్దా అన్న వాదన ఎలా ఉన్నా, కాదనే గొంతు సభలో లేకపోతే మూజువాణికి కూడా అర్థం లేదు. తెలంగాణ 119 మంది సభలో ప్రతిపక్షం ఉంది, మూజువాణీ ఉంది.

దీన్ని మార్చడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. 208వ అధికరణం కింద సభ తన నియమాలు తానే రాసుకుంటుంది. పన్ను పెంచే బిల్లుకు, ద్రవ్య వినిమయ బిల్లుకు పేర్లతో ఓటింగ్ జరగాలని ఒక నియమం చేర్చుకుంటే సరిపోతుంది. ఒక్కసారే అన్నిటికీ కష్టమంటే వైద్యారోగ్య శాఖ పద్దుతో, స్త్రీ శిశు సంక్షేమ శాఖ పద్దుతో మొదలుపెట్టండి. ఆ రెండు ఓటింగులకు కలిపి పట్టే టైము ఒక వాకౌట్‌కు, ఆ తర్వాత మీడియా పాయింట్ దగ్గర ప్రసంగాలకు పట్టేంత కూడా ఉండదు.